ఆపరేషన్ అయిదో చాప్టర్

ప్రొఫెసర్ హనుమత్ప్రసాద్ గారిని పొద్దున తొమ్మిదీ ఇరవైకి చంపేశారు.

చంపినట్టు ఎవరికీ తెలియలేదు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఆయన రోజూ కూర్చునే కేఫ్‌లో, రోజూ కూర్చునే బల్ల మీదనే, సగం తాగిన చాయ్ కప్పు పక్కన తల వాల్చేశారు. గుండెపోటన్నాడు వెయిటరు. గుండెపోటేనన్నాడు అంబులెన్సులో వచ్చినవాడు. ఎదురు కుర్చీలో కూర్చుని ఆయనతో కబుర్లు చెప్పిన మనిషి మాత్రం ఏమీ అనలేదు. ప్రొఫెసర్ గారి లాప్‌టాప్ బ్యాగు తన భుజానికి తగిలించుకుని, తాపీగా మెట్రో మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పదీ అయిదుకు ఏజెంట్ స్వరాజ్యం ఫోన్ మోగింది. అప్పుడామె అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, ఒక లేడీస్ హాస్టల్ గేటు ముందు కూరగాయల బండివాడిని వంకాయల పుచ్చుల గురించి కడిగేస్తోంది.

"పై ఫ్లోర్ల నీళ్లొస్తున్నయా?" అంది ఫోన్‌లో గొంతు.

"మంగళారం దాకా రావు."

"అయితే బయల్దేరు."

స్వరాజ్యానికి యాభై ఒక్క ఏళ్లు. నూలు చీర, నడుముకు అరకిలో తాళంచెవుల గుత్తి, కుడి చెవిలో వినికిడి మిషను. ఆరు నెలలుగా ఆమె ఆ హాస్టల్ వార్డెను. అమ్మాయిలంతా ఆమెకు చెవుడనుకుంటారు. అందుకని ఆమె ఎదురుగానే ఆమెను తిట్టుకుంటారు. అది వినికిడి మిషనేగానీ, మూడంతస్తుల అవతల గుసగుసలు కూడా వినిపించే రకం. ఎవరు ఏమేం తిట్టారో ఆమెకు వరసగా గుర్తున్నాయి.

పంజాగుట్టలో ఒక కళ్లద్దాల షాపు. దాని వెనక కళ్లు పరీక్ష చేసే గది. ఆ గదిలో, అక్షరాల బోర్డు కింద, స్వరాజ్యం పై అధికారి రాజనర్సయ్య మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆర్నెల్లు ఇచ్చిన నీకు," అన్నాడు. "హాస్టల్ల బొద్దింకలు తప్ప ఏం పట్టలే."

"ప్రొఫెసర్ ఎనక మీ మనిషి ఉండాలె కద సార్. యాడ పోయిండు?"

"ట్రాఫిక్ల ఇరుక్కున్నడు."

"పంజాగుట్టల ట్రాఫిక్ ఉంటదని ఆయనకు ఇయ్యాల పొద్దుగాలనే తెల్సిందా?"

గదిలో మూడో మనిషి చిన్నగా నవ్వింది. స్వరాజ్యం అప్పుడు చూసింది ఆమెను. బూడిదరంగు పట్టుచీర, చెవులకు ఒంటిరాయి దిద్దులు, గదంతా నిండిపోయిన సెంటు వాసన. ముప్పయ్యయిదు దాటవు. సినిమావాళ్ల పక్కన నిలబడినా జనం ఈమెనే చూస్తారు.

"అనుపమ. మన మనిషే," అన్నాడు రాజనర్సయ్య. "ఓర్లిన్ ఫౌండేషన్ల రెండేండ్ల నించి లోపల ఉన్నది. వాళ్ల ప్రోగ్రామ్ డైరెక్టర్."

ఓర్లిన్ ఫౌండేషన్ అంటే స్వరాజ్యానికి బాగానే తెలుసు. ఆరు నెలలుగా ఆమె హాస్టల్లో వార్డెన్‌గిరీ చేస్తున్నది దాని కోసమే. సైబర్ సెక్యూరిటీలో, డిజిటల్ ట్రస్ట్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు మూడేళ్ల పూర్తి ఫెలోషిప్ ఇస్తామని ప్రకటన. అప్లికేషన్‌తో పాటు ఇంకా అచ్చుకాని మీ రిసెర్చ్ పంపండి, చదివి ఎంపిక చేస్తామని షరతు. డబ్బు ఏ దేశానిదో ఫైల్లో కూడా రాయలేదు. అక్కడ కష్టపడి దొంగిలించే పని లేదు. పిల్లలే చక్కగా పీడీఎఫ్ చేసి పంపిస్తారు.

"నీ హాస్టల్ల మెహ్రీన్," అన్నాడు రాజనర్సయ్య.

"మూడొందల నాలుగు. రోజు నాతోని కొట్లాడే పోరి."

"ఆమె రాసిన అయిదో చాప్టర్ పొద్దున పోయింది. ప్రొఫెసర్ ఆమె గైడ్. లాప్‌టాప్ల ఉండె."

సంగతి చిన్నదే. ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు, మందు ఎక్కించే పంపులు ఇప్పుడు లోపల కంప్యూటర్లే. వాటికి కొత్త ప్రోగ్రామ్ వస్తే దాని మీద డిజిటల్ సీల్ ఉందా లేదా అని చూసుకుంటాయి. ఉంటే నమ్మి ఎక్కించుకుంటాయి. ఆ సీల్‌ను దొంగగా తయారు చేయొచ్చని మెహ్రీన్ కనిపెట్టింది. ఎలా చేయొచ్చో చాప్టర్‌లో రాసింది. ప్రొఫెసర్ దాన్ని ఫౌండేషన్‌కు పంపనివ్వలేదు సరికదా, వాళ్ల మీదే అనుమానం వచ్చి రాజనర్సయ్యకు ఉత్తరం రాశారు. రాసిన మూడో రోజు పోయారు.

"నూటపద్దెనిమిది ఆసుపత్రులు," అన్నాడు రాజనర్సయ్య. "రిపేర్ చేసిన ప్రోగ్రామ్ రెడీ ఉన్నది. ఇయ్యాల నాలుగింటికి అన్నిట్ల ఒక్కసారే ఎక్కుతది. ఆ తర్వాత చాప్టర్ చిత్తు కాయితం. నాలుగింటి లోపల వాళ్లు దొంగ సీల్ కొట్టి పంపితే..."

"పంపితే ఊపిరి మిషన్లు ఆగిపోతయి."

"ఒక్కపారి అన్ని."

అనుపమ కాలు మీద కాలు మార్చుకుంది. "చాప్టర్ చదివి సీల్ తయారు చేయడం అందరివల్లా కాదండీ. వాళ్ల దగ్గర ఒకడున్నాడు, కోడ్‌నేమ్ ఫాల్కన్. పన్నెండేళ్ల అనుభవం. వాళ్ల నమ్మకం కోసం నేనే నాలుగు రౌండ్లు ఇంటర్వ్యూ చేసి తీసుకున్నాను. అలాంటి బుర్రని నేను చూడలేదు. అతను దేశంలో లేడు, పట్టుకోవడం కుదరదు. ఆ అమ్మాయిని నాకు అప్పగించండి. బంజారా హిల్స్‌లో సేఫ్ హౌస్ ఉంది."

"నా పోరిని నేను చూసుకుంట," అంది స్వరాజ్యం.

"మీరేంటి, వంకాయలు తరుగుతూ కాపాడతారా?"

"తరిగే కత్తి నా చేతులనే ఉంటది కద, అమ్మా."

ఆ మాటతో ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఏం అభిప్రాయమో స్పష్టమైపోయింది.

స్వరాజ్యం హాస్టల్‌కు చేరేసరికి పదకొండున్నర. మెహ్రీన్ ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని గేటు దగ్గరికి వస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, కళ్లద్దాలు, ఎప్పుడూ నొసలు ముడి. ఒంటిగంటకు ఓర్లిన్ వాళ్ల ఫైనల్ ఇంటర్వ్యూ. నాలుగేళ్ల రిసెర్చ్. యూనివర్సిటీ ఇచ్చే ఫెలోషిప్ గడువు అయిపోయింది. ఇది వస్తే థీసిస్ పూర్తవుతుంది, రాకపోతే అటక మీదికి పోతుంది. ఆ పిల్ల ప్రాణమంతా ఆ ఫైల్లోనే ఉంది.

స్వరాజ్యం గేటుకు లోపలినుంచి తాళం వేసింది.

"ఆంటీ, తాళం తీయండి. లేటయితుంది."

"ఇంటర్వ్యూ లేదు, ఏం లేదు. లోపలికి నడువు."

"అరే, మీకేం పని? రూములు చూస్కోండి, పప్పుల నీళ్లు చూస్కోండి. నా కెరీర్ల వేలు పెడ్తరేంది?" మెహ్రీన్ గొంతు తగ్గించి పక్కకు తిరిగి, చెవిటి ముసల్దని ఉర్దూలో గొణిగింది. "బహరీ బుడ్డీ."

స్వరాజ్యం చెవి మిషను తీసి అరచేతిలో పెట్టుకుంది. "బహరీ బుడ్డీ అని ఆర్నెల్లల్ల నలభై రెండుసార్లు అన్నవు. అన్ని ఇన్న. ఇప్పుడు నువ్వు ఇను. హనుమత్ప్రసాద్ సార్ పొద్దున చనిపోయిండు. చంపిన్రు. నీ చాప్టర్ కోసమే చంపిన్రు."

"జూట్," అంది మెహ్రీన్. "సార్ తొమ్మిదింటికి మెసేజ్ పెట్టిండ్రు. నాలుగో పేజీల కరెక్షన్..."

మాట పూర్తి చేయలేకపోయింది. ఫోన్ తీసి ఆ మెసేజ్ చూసింది. కింద ఆమె పంపిన జవాబు ఉంది, దానికి చదివినట్టు గుర్తు రాలేదు. ఫోన్ చేసింది. ఎవరో పోలీసాయన ఎత్తాడు. అంతే, ఆ పిల్ల గేటు పక్కనే సిమెంటు గట్టు మీద కూలబడిపోయింది. స్వరాజ్యం దగ్గరికి వెళ్లబోతే చేత్తో నెట్టేసింది.

"మీరెవరో నాకు తెల్వదు. ఆర్నెల్లు అబద్ధం చెప్పిండ్రు. సార్ ఎనక ఎవరూ లేకపాయె, మీరున్నరు ఇక్కడ ఇడ్లీలు లెక్కపెట్టుకుంట."

ఆ మాట సూటిగా తగిలింది. స్వరాజ్యం ఆమెను రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, మెస్‌లో కూర్చోబెట్టి, గేటు దగ్గర కాపలా కూర్చుంది.

రెండుంబావుకు ఆమె చెవి మిషన్‌లో పై అంతస్తు నుంచి ఒక మాట పడింది.

"సార్, గీ కోడ్ల చిలకమ్మ ఎవరు సార్?"

స్వరాజ్యం చటుక్కున లేచింది. చిలకమ్మ అంటే హాస్టల్ వంటమనిషి. మూడొందల నాలుగులో మెహ్రీన్‌తో పాటు ఉండే వనిత గొంతు అది. పొద్దున ఒక కోచింగ్ సెంటర్లో పాఠం చెబుతుంది. మధ్యాహ్నం నుంచి జాబ్ సపోర్ట్ చేస్తుంది.

జాబ్ సపోర్ట్ అంటే అమీర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. లేని అనుభవం రెజ్యూమెలో రాసుకుని ఉద్యోగం కొట్టినవాడికి రేపటినుంచి పని వస్తుంది, పని రాదు కదా. అప్పుడు వాడు తన స్క్రీన్‌ను ఇక్కడ ఒకరికి చూపిస్తూ కూర్చుంటాడు. ఆ పని వీళ్లు చేసి పెడతారు. కంపెనీకి తెలియదు, మేనేజర్‌కు తెలియదు. ఈ సందుల్లో అలాంటి గదులు వందలున్నాయి. పెద్ద పెద్ద కంపెనీల పనులు ఇక్కడ పులిహోర తింటూ జరిగిపోతుంటాయి.

స్వరాజ్యం మెహ్రీన్‌ను లాక్కుని మూడంతస్తులూ ఎక్కేసింది. వనిత మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముందు లాప్‌టాప్. వీళ్లను చూసి మైకు మ్యూట్ చేసింది.

"అక్కా, మంచిగచ్చినవ్," అంది మెహ్రీన్‌తో. "గీ క్లయింటు పొద్దటి సంది సతాయిస్తుండు. ఏదో సీల్ వెరిఫికేషన్ అట. నాలుగింటి లోపట కావాల్నట. నీ లైనే గిది, జర చూడవా."

మెహ్రీన్ చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది.

ఆమె చాప్టరే. ఆమె వాక్యాలే. తను పరీక్షకు పెట్టుకున్న మిషన్‌కు సరదాగా చిలకమ్మ అని పేరు పెట్టుకుంది, అది అక్కడే ఉంది. మార్జిన్‌లో ఎర్ర అక్షరాలతో ప్రొఫెసర్ గారి కరెక్షన్లు. నాలుగో పేజీలో, పొద్దున ఆయన చెప్పినచోట.

"యా అల్లా," అంది మెల్లగా. "ఇది వాళ్ల కాడ..."

"నీ క్లయింటు పేరేంది?" స్వరాజ్యం వనితను అడిగింది.

"నరేశ్. ఆఫీసుల వేరే ఏదో పేరున్నది. ఫాల్కనో ఏదో." వనిత ఇద్దరి మొహాలూ చూసి కంగారుపడింది. "నేనేం చేసిన ఆంటీ? నా యాడ్ చూసే ఫోన్ చేసిండు. సైబర్ సెక్యూరిటీ, డిజిటల్ ట్రస్ట్ రియల్ టైమ్ ఎక్స్‌పర్ట్ అని పెట్టుకున్న. అక్క రూమ్మేట్ కద, డౌటొస్తే అడుగొచ్చని..."

"నా పేరు మీద యాడ్ పెట్టినవా?" అంది మెహ్రీన్.

"పేరు పెట్టలే అక్కా. సబ్జెక్టే పెట్టిన."

మెహ్రీన్ ఆ పిల్ల చెంప పగలగొట్టేదే. స్వరాజ్యం మధ్యలోకి వచ్చింది. ఆమెకు కోపం, నవ్వు రెండూ కలిసి వచ్చాయి. ఒక దేశపు గూఢచారి ముఠా, పన్నెండేళ్ల అనుభవమున్న ఫాల్కన్, ఒక హత్య, అన్నీ తిరిగి తిరిగి మూడొందల నాలుగులో వనిత మంచం మీదికి వచ్చి పడ్డాయి.

"బంజెయ్యి," అంది మెహ్రీన్. "ఇప్పుడే కట్ చెయ్యి."

"చెయ్యకు," అంది స్వరాజ్యం. "కట్ చేస్తే పక్క సందుల ఇంకొకరు దొరుకుతరు వానికి. వాడు నీ తాననే ఉండాలె. అడిగింది చేస్తున్నట్టు చెయ్యి, ఏం చెయ్యకు. నాలుగు దాటాలె, అంతే."

నూటపద్దెనిమిది ఆసుపత్రుల సంగతి ఇద్దరికీ చెప్పి, రాజనర్సయ్యకు ఫోన్ చేసింది. "పిట్ట దొరికింది సార్. ఇంకేం ఫోన్ల చెప్ప. నమ్మకమైనోళ్లను పంపుండ్రి." ఆయన పంపుతానన్నాడు. ఆ ముసలాయన చేసిన పొరపాటు అక్కడే ఉంది. దగ్గరలో ఎవరున్నారా అని చూసి, తను బాగా నమ్మిన మనిషినే పంపాడు.

మూడున్నరకు గేటు దగ్గర అనుపమ నిలబడింది. "పై ఫ్లోర్‌లో నీళ్లొస్తున్నాయా?" అంది. కోడ్ సరిగ్గానే ఉంది. స్వరాజ్యం మొహం చిట్లించుకుని తాళం తీసింది. మూడంతస్తులూ హైహీల్స్‌తో ఎక్కొచ్చి, గదిలోకి అడుగుపెట్టి, తలుపు గడియ వేసి, హ్యాండ్‌బ్యాగు లోంచి చిన్న పిస్తోలు తీసింది అనుపమ. తొందరేమీ లేదు ఆమెలో.

"పక్కకు జరగండి, వార్డెన్ గారూ. గుత్తి కింద పడేసి చేతులు కనబడేలా పెట్టుకోండి."

తాళంచెవుల గుత్తి స్వరాజ్యం కాళ్ల దగ్గర పడింది. "రెండేండ్లు మావోళ్ల ఉప్పు తిన్నవ్," అందామె.

"ఓర్లిన్ వాళ్లు ఇంకా బాగా పెట్టారు." అనుపమ మెహ్రీన్ వైపు చూసింది. "నువ్వు ఇంటర్వ్యూకి వచ్చుంటే కష్టం లేకుండా పోయేది. మీ ప్రొఫెసర్ గారికి చాయ్ తాగినంతసేపు కూడా పట్టలేదు. పిట్ట దొరికిందన్నారట. ఏ పిట్ట? ఫాల్కన్ని పట్టడం మీ తరం కాదు. ఈపాటికి సీల్ తయారుచేసి ఉంటాడు."

సరిగ్గా అప్పుడే వనిత లాప్‌టాప్ స్పీకర్‌లోంచి ఒక మగగొంతు దీనంగా వినిపించింది.

"మేడం, ఉన్నరా? జర జల్ది చేయండి మేడం. నాకైతే ఏం సమజైతలేదు. నాలుగింటికి మా మేనేజర్ అడుగుతది. మస్తు స్ట్రిక్ట్ ఆమె."

అనుపమ మొహంలో రంగు దిగిపోయింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు.

"ఇతనికి... పన్నెండేళ్ల అనుభవం. నేను నాలుగు రౌండ్లు ఇంటర్వ్యూ చేశాను."

"ఆ నాలుగు రౌండ్లు నేనే ఇచ్చిన మేడం," అంది వనిత. భయంతో నిజం దానంతటదే బయటికొచ్చింది. "వీడియోల ఆయన పెదాలు కదిలిచ్చిండు. గొంతు మార్చే సాఫ్ట్‌వేర్ ఉంటది. ఆన్సర్లన్ని మెహ్రీన్ అక్క నోట్సులు చదివి చెప్పిన."

స్వరాజ్యం నవ్వింది. ఆపుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. ఆ నవ్వుకు అనుపమ ఒక్క అంగలో వనిత వెనక్కి చేరి పిస్తోలు మెడ మీద ఆనించింది.

"అయితే రాసినామే చేస్తుంది," అంది మెహ్రీన్‌తో. "కూర్చో. సీల్ తయారు చెయ్. టైం మూడూ నలభై రెండు. యాభై ఏడుకి అవ్వాలి. లేకపోతే ఈ పిల్ల తల ఉండదు."

"చెయ్యకు అక్కా," అంది వనిత. ఏడుస్తోంది. "నూటపద్దెనిమిది..."

మెహ్రీన్ కుర్చీలో కూర్చుంది. ఇటు చూస్తే వనిత, అటు చూస్తే ఎక్కడో మంచాల మీద ఊపిరి కోసం మిషన్‌ను నమ్ముకుని పడుకున్న మనుషులు. నాలుగేళ్లు ఆమె ఈ చాప్టర్ రాసింది వాళ్లను కాపాడాలని. ఆమె తల తిప్పి స్వరాజ్యం మొహంలోకి చూసింది. పొద్దున్నించి తిడుతున్న మొహం అది. ఇప్పుడు దాంట్లో ఏదైనా ఉంటే బాగుండునని వెతికింది.

"చెయ్యి," అంది స్వరాజ్యం.

"క్యా?"

"చెయ్యి అంటున్న. తప్పులు లేకుంట, పూర్తిగ చెయ్యి."

మెహ్రీన్ కళ్లలో అసహ్యం స్పష్టంగా కనిపించింది. ఆ కళ్లతోనే స్క్రీన్ వైపు తిరిగింది. చేసింది. ఫాల్కన్ కంప్యూటర్ మీద, ఇక్కడినుంచి, తన చాప్టర్‌కు ఒక్కొక్క మెట్టే ప్రాణం పోసింది. మూడూ యాభై ఏడుకు స్క్రీన్ మీద పచ్చ గుర్తు వెలిగింది. సీల్ సరైనది. కింద ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. పంపడానికి ఆ కంప్యూటర్ ముందున్న మనిషి బొటనవేలు ఆనించాలి.

"వేలు పెట్టమని చెప్పు," అంది అనుపమ వనితతో.

వనిత వెక్కుతూనే ఉంది. అప్పుడు స్వరాజ్యం నెమ్మదిగా అంది, "ఇంత పెద్ద పని. సపోర్ట్ పోరి చెప్తే వాడు వేలు పెడ్తడా? భయపడి నూరు ప్రశ్నలు అడుగుతడు. మేనేజర్‌వు నువ్వే ఉన్నవ్ కద. నీ నోటితోని చెప్పు, అయిపోతది."

అనుపమ గడియారం చూసింది. యాభై ఎనిమిది. ఆలోచించడానికి టైం లేదు, అహంకారానికి మాత్రం ఎప్పుడూ టైం ఉంటుంది. వంగి మ్యూట్ తీసి, మైకులో స్పష్టంగా అంది.

"నరేశ్. నేను అనుపమని. వెంటనే వేలు పెట్టు."

అవతల చప్పుడు లేదు. ఊపిరి కూడా వినిపించలేదు.

అనుపమ బంజారా హిల్స్ ఆఫీసుల్లో ఎంత చదివిందో గానీ, అమీర్‌పేట హాస్టల్లో ఆరు నెలలు వార్డెన్‌గా ఉండలేదు. ఉంటే తెలిసేది. సపోర్ట్ కాల్‌లో ఉన్నవాడికి మేనేజర్ గొంతు వినిపిస్తే వాడు ఆ గొంతు ఏం చెప్పిందో వినడు. ఎందుకొచ్చింది, ఎలా వచ్చింది అని ఆలోచించడు. వాడి ఒళ్లంతటికీ ఒకటే తెలుసు, దొరికిపోయాను.

"హలో?" అంది స్పీకర్. "హలో, హలో? మేడం వాయిస్ బ్రేక్ అయితుంది. నెట్‌వర్క్ ప్రాబ్లం..."

టప్‌మని మూత మూసిన చప్పుడు. స్క్రీన్ నల్లబడింది.

"నరేశ్!" అని అరిచింది అనుపమ. "వేలు పెట్టరా!"

ఆ అరుపుకు పిస్తోలు మెడ మీంచి జానెడు పక్కకు జరిగింది. స్వరాజ్యానికి జానెడు చాలు. కాలితో గుత్తిని లేపి చేత్తో అందుకుని, అరకిలో ఇనుమునూ ఆ మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పిస్తోలు మంచం కిందికి పోయింది. ఆ వెంటనే స్వరాజ్యం అనుపమను పట్టుచీరతో సహా నేల మీద పడేసి, ఆమె వీపు మీద కూర్చుంది. వార్డెన్ గారు ఎనభై కిలోలు. కదిలే ప్రశ్నే లేదు.

గోడ గడియారం నాలుగు కొట్టింది. మెహ్రీన్ స్వరాజ్యం ఫోన్‌లో డిపార్ట్‌మెంటు లిస్టు చూసింది. నూటపద్దెనిమిది ఆసుపత్రుల పక్కన, ఒకటి తరవాత ఒకటి, కొత్త ప్రోగ్రామ్ ఎక్కినట్టు గుర్తులు పడుతున్నాయి. చివరిదాకా చూసి, ఫోన్ బోర్లించి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. వనిత దగ్గరికి రాబోతే రావద్దంది.

అయిదింటికి రాజనర్సయ్య రెండు జీపులేసుకుని వచ్చాడు. ఓర్లిన్ ఆఫీసులో ఇద్దరు విదేశీయులు, కేఫ్‌లో చాయ్‌లో విషం కలిపిన మనిషి దొరికారట. దేశంలో లేడని అనుపమ చెప్పిన ఫాల్కన్ కూడా అక్కడే ఉండి, లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్ల మీంచి పారిపోయాడట. అనుపమను జీపెక్కిస్తుంటే ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

"బాగ నమ్మిన స్వరాజ్యం," అన్నాడు.

"కోడ్ మంచిగ చెప్తే మనిషి మంచిదైతదా సార్? మిషన్లకైతే సరే, మీకు బుద్ధుండాలె కద."

ఆయన ఆ తిట్టు మింగి మెహ్రీన్ వైపు తిరిగాడు. "అమ్మా, నీ రిసెర్చికి ఇగ మా డిపార్ట్‌మెంటే ఫెలోషిప్ ఇస్తది. మూడేండ్లు. చాప్టర్ మాత్రం బయట పెట్టొద్దు."

"పెడ్తా," అంది మెహ్రీన్. కళ్లు వాచిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "రిపేర్ అయిపోయింది. ఇగ దాస్తే ఇంకొకడు ఇదే తప్పు చేస్తడు. గైడ్ జాగాల హనుమత్ప్రసాద్ సార్ పేరే ఉంటది. ఇష్టముంటే ఇవ్వండి, లేకపోతే మీ ఫెలోషిప్ మీ తాననే ఉంచుకోండి."

రాజనర్సయ్య నోరు తెరిచి, స్వరాజ్యం చూపు చూసి, మూసుకున్నాడు. సరేనన్నట్టు తలాడించి జీపు వైపు వెళ్లిపోయాడు.

మెహ్రీన్ స్వరాజ్యం దగ్గరికి వచ్చింది. ఇంకా కోపంగానే ఉంది. "చెయ్యి అన్నప్పుడు వాడు మూత మూస్తడని మీకు తెల్సా?"

"తెల్వది. నమ్మిన."

"ఎవర్ని?"

"నరేశ్ గాన్ని. వాడు ఏం రానోడు, బిడ్డా. పని రాదని ఎక్కడ బయటపడ్తదో అని పొద్దు మాపు గజగజ వణికేటోడు. అసుంటోని భయాన్ని కండ్లు మూస్కొని నమ్మొచ్చు."

మెహ్రీన్ చాలాసేపు ఆమెను చూసింది. నవ్వలేదు. క్షమించినట్టూ లేదు. కానీ గట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.

అప్పుడే మెట్ల మీంచి వనిత పరుగెత్తుకొచ్చింది, ఫోన్ చాపి పట్టుకుని.

"ఆంటీ, నరేశ్ మెసేజ్ పెట్టిండు. 'సారీ మేడం, ఆ జాబ్ పోయింది. ఎల్లుండి వేరే కంపెనీల ఇంటర్వ్యూ ఉంది. ప్రాక్సీ ఇస్తరా?' అంటుండు. ఏం చెప్పాలె?"

స్వరాజ్యం చెవి మిషను సర్దుకుని లేచింది.

"ఒప్పుకో. ఈసారి గొంతు సరిగ్గ కలవాలెనని చెప్పు, ముందుగాల ఒక్కపారి నరేశ్ సార్‌ను హాస్టల్‌కు స్వయంగ రమ్మను."